మరమ్మతు పుస్తకం లేని మస్జిద్

రెండేళ్ల క్రితం వర్షాకాలంలో ఒక రాత్రి, ఇషా నమాజు ముగిసి జనం ఇళ్లకు వెళ్లిన గంటకు, మా మస్జిదు వుజూఖానా పైకప్పు పెచ్చులు ఊడి పడ్డాయి. అల్లాహ్ దయవల్ల ఆ సమయంలో అక్కడ ఎవరూ లేరు. మరునాడు వచ్చిన ఇంజనీరు మమ్మల్ని నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఈ కప్పు వేసి ఎన్నేళ్లయింది? పైనున్న నీళ్ల ట్యాంకు మొదటి నుంచీ ఉన్నదేనా, తర్వాత ఎక్కించారా? ఇదివరకు ఇక్కడ మరమ్మతు జరిగిందా? జరిగితే ఏ సామగ్రితో చేశారు?

కమిటీ సభ్యులమంతా అక్కడే నిలబడి ఉన్నాం. కప్పు వయస్సు గురించి ముగ్గురు మూడు సంవత్సరాలు చెప్పారు. ట్యాంకు ఎప్పుడు ఎక్కిందో ఎవరికీ తెలియదు. మరమ్మతు జరిగిన మాట ఒక పెద్దాయనకు గుర్తుంది కాని, ఆ పని చేసిన మేస్త్రీ మరణించి చాలా కాలమైంది. ఆయన ఏమి చేశాడన్నది ఆయనతోనే పోయింది. చివరకు కప్పును నాలుగు చోట్ల చెక్కించి, లోపలి ఇనుప కడ్డీలు ఎంత తుప్పు పట్టాయో చూసి, ట్యాంకు దింపించి, అప్పుడు గాని అసలు పని మొదలు పెట్టలేకపోయాం. ఒక కాగితం చూసి తెలుసుకోవలసిన విషయానికి మూడు వారాలు పట్టింది. ఆ ఖర్చంతా దినసరి కూలీలు, చిన్న వ్యాపారులు జుమా రోజున పెట్టెలో వేసిన సొమ్ము.

ఆ రోజు అందరికన్నా ఎక్కువ సిగ్గుపడవలసినవాణ్ణి నేను. ఇంజనీరింగ్ విభాగపు కార్యాలయంలో గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఊరి చివరి కల్వర్టుకు సైతం కొలతల పుస్తకం ఉంటుందనీ, అందులో ప్రతి గజం పనీ తేదీతో, సంతకంతో నమోదవుతుందనీ తెలిసినవాణ్ణి. సర్కారు గోడకు పుస్తకం రాసిన చేతికి, తాను సజ్దా చేసే చోటికి ఒక పుస్తకం పెట్టాలని తోచలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఒక్కటే. మన ప్రతి మస్జిదుకు, మద్రసాకు, షాదీఖానాకు, ఆషూర్‌ఖానాకు, దర్గాకు తనిఖీలూ మరమ్మతులూ నమోదయ్యే ఒక పుస్తకం ఉండాలి. అది లేనిచోట ప్రాణాలకు రక్షణ లేదు, చందాకు జవాబుదారీ లేదు, మన నిర్వహణ హక్కుకు బలం లేదు.

వక్ఫ్ ఆదాయంలో మొదటి వాటా

రాసి పెట్టుకోవడం మనకు ఎవరో బయటివారు నేర్పవలసిన విద్య కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువుతో సహా రాసుకోవాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలోని 282వ ఆయతు ఆదేశిస్తున్నది. ఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలో పొడవైనది అదే. ఇద్దరి మధ్య జరిగే లావాదేవీకే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, వేల మంది చందాతో నిలిచిన కట్టడం విషయంలో నోటిమాట చాలునని ఎలా అంటుంది?

వక్ఫ్ గురించి చెప్పేటప్పుడు మనం ఖైబర్‌లో హజ్రత్ ఉమర్ (రజి) అంకితం చేసిన భూమిని తలుచుకుంటాం. ఆ భూమిని అమ్మరాదు, దానం చేయరాదు, వారసత్వంగా పంచుకోరాదు. మూలం నిలవాలి, ఫలం పేదలకు చేరాలి. మూలం నిలవాలన్న ఈ నియమం నుంచే మన ఫిఖ్‌హ్ పండితులు మరొక సూత్రం చెప్పారు. వక్ఫ్ ఆదాయంలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకే చెందాలి; దాత తన పత్రంలో ఆ మాట రాసినా రాయకపోయినా సరే. హనఫీ గ్రంథాలలో ఇది ప్రసిద్ధమైన నియమం. లబ్ధిదారుల కన్నా ముందు గోడకు వాటా ఉన్నదన్నమాట. ఆ వాటా గోడకు చేరిందో లేదో తెలియాలంటే లెక్క కావాలి.

ఒకేలా కనిపించే రెండు పగుళ్లు

పుస్తకం ఎందుకని అడిగేవారికి నేను ముందుగా పగులును గురించి చెబుతాను. గోడ మీద ఒక బీట కనిపించింది. అది ఇరవై ఏళ్ల నాటిదై, అప్పుడే కదలిక ఆగిపోయి, ఏ ప్రమాదమూ లేనిదై ఉండవచ్చు. లేదా గత వర్షాలకు పునాది కుంగి, నెలనెలా పెరుగుతున్నదై ఉండవచ్చు. ఈ రోజు చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎంత అనుభవం ఉన్న ఇంజనీరైనా ఒక్క చూపులో తేల్చలేని సందర్భాలు ఉంటాయి. రెండింటినీ వేరు చేసి చూపేది తేదీతో కూడిన నమోదు. పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేసి, అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోట ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నదో పుస్తకంలో రాయాలి. స్కేలు పక్కన పెట్టి ఒక ఫొటో తీసి ఉంచాలి. మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. గీత దాటి సాగితే వెంటనే ఇంజనీరును పిలవాలి. సాగకపోతే నిదానంగా పూడ్చుకోవచ్చు. దీనికయ్యే ఖర్చు ఒక పెన్సిలు, ఒక స్కేలు.

స్లాబు సంగతీ అంతే. పైన నీరు నిలిచి లోపలికి దిగితే కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కాంక్రీటును కిందికి నెట్టి పెచ్చులు రాలుస్తుంది. మొదట చెమ్మ మరక, తర్వాత గోధుమ రంగు చారలు, తర్వాత సన్నని బీటలు, ఆ తర్వాతే పెచ్చులు. ఇదంతా ఒక్క రోజులో జరిగేది కాదు, ఏళ్ల తరబడి సాగేది. మా వుజూఖానాలో చెమ్మ మరకను మేమంతా చూశాం. రంజాన్‌కు ముందు రెండు సార్లు సున్నం కొట్టించి దానిని కనబడకుండా చేసింది కూడా మేమే. ఆ మరకను ఎవరైనా ఒకరు మొదటి ఏడే పుస్తకంలోకి ఎక్కించి ఉంటే, రెండో ఏడు అది పెద్దదైందని తెలిసేది. అప్పుడు సున్నం కొట్టేవాణ్ణి కాక మేస్త్రీని పిలిచేవాళ్లం.

పాత కట్టడాలకు ఈ అవసరం మరీ ఎక్కువ. డంగు సున్నంతో కట్టిన గోడ తనలోని చెమ్మను పైపూత గుండా బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపలి చెమ్మ, ఉప్పు కలిసి గోడ ముఖాన్నే తినేస్తాయి. గోల్కొండ పక్కన ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల సముదాయంలో 2013లో మొదలైన పరిరక్షణ పనుల్లో, 20వ శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి, మళ్లీ సున్నంతోనే పని చేయవలసి వచ్చింది. మన ఊళ్లలో వందేళ్ల మస్జిదులకు భక్తితోనే సిమెంటు పూస్తున్నాం. ఏ గోడకు ఎప్పుడు ఏమి పూశామో రాసి ఉంటే తర్వాతి తరం కనీసం దిద్దుకోగలుగుతుంది. హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో గోడల కింది భాగాన ఉన్న రంగు పలకలు 1908 మూసీ వరదలో దెబ్బతిన్నాయనీ, ఆ చోట తర్వాత రంగులతో చిత్రించారనీ మనకు తెలుసు. తెలుసు కాబట్టే ఏది అసలు పని, ఏది తర్వాతి పని అని ఈనాడు వేరు చేసి చూడగలుగుతున్నాం.

పిల్లలు నిద్రపోయే కప్పు

మస్జిదులో మనం రోజుకు కొన్ని నిమిషాలు గడుపుతాం. మద్రసా వసతి గృహంలో మన పిల్లలు రాత్రంతా నిద్రపోతారు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాలలో మంటలు లేచి 94 మంది పిల్లలు బలయ్యారు. వంటశాలలో పుట్టిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకుంది. పిల్లలు బయటపడటానికి ఇరుకు దారి తప్ప మరొకటి లేదు. ఆ విషాదం దరిమిలా 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, పాఠశాలలన్నింటిలో మంటలార్పే సాధనాలు ఉండాలనీ, భవనాల భద్రతను పరిశీలించి ధ్రువీకరించాలనీ ఆదేశించింది.

ఈ మాటలు చదివి, అది బడుల సంగతి, మనది దీనీ విద్యాలయం అని పక్కకు తప్పుకోవడం న్యాయం కాదు. నిప్పుకు ఆ భేదం తెలియదు. నేను చూసిన కొన్ని మద్రసాల్లో మంటలార్పే సిలిండర్లు ఉన్నాయి, గోడకు వేలాడుతున్నాయి, ఎప్పుడు నింపారో చెప్పే చీటీ మాత్రం లేదు. గ్యాసు సిలిండరు గొట్టం ఎప్పుడు మార్చారని వంటమనిషిని అడిగితే, తాను వచ్చినప్పటి నుంచి అదే ఉందని జవాబు. తల్లిదండ్రులు బిడ్డను చేర్పించేటప్పుడు హిఫ్జ్ ఎన్నేళ్లలో పూర్తవుతుందని అడుగుతారు. ఆ కప్పును చివరిసారి ఎవరు, ఎప్పుడు పరీక్షించారని కూడా అడగాలి. ముఖ్యంగా తల్లులు అడగాలి. అడిగే హక్కు వారికి ఉంది.

హక్కూ, దాని రుజువూ

ఇక చట్టం సంగతి. ధార్మిక సంస్థలను స్థాపించి నడుపుకునే హక్కును రాజ్యాంగంలోని 26వ అధికరణం, విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కును 30వ అధికరణం మనకు ఇచ్చాయి. అయితే 1958లోనే కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో సుప్రీంకోర్టు ఒక హద్దు గీసింది. నిర్వహించే హక్కులో అస్తవ్యస్తంగా నిర్వహించే హక్కు చేరి లేదన్నది ఆ మాటల సారం. మన సంస్థల్లో జోక్యం వద్దని మనం గట్టిగా చెప్పాలంటే, మన ఇంటిని మనం సక్రమంగా చూసుకుంటున్నామని చూపగలగాలి.

1995 వక్ఫ్ చట్టం ముతవల్లీ మీద ఈ బాధ్యత ఎప్పుడో పెట్టింది. 46వ సెక్షన్ ప్రకారం అతను క్రమంగా లెక్కలు రాయాలి, ఏటా బోర్డుకు సమర్పించాలి. 50వ సెక్షన్ ప్రకారం ఆస్తులను, లెక్కలను, పత్రాలను తనిఖీకి చూపాలి. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు దాదాపు 4.9 లక్షలనీ, వాటి విస్తీర్ణం దాదాపు 6 లక్షల ఎకరాలనీ చెప్పింది. ఇంత సంపద గల సమాజంలో, ఒక మస్జిదుకు చెందిన దుకాణాల కప్పు చివరిసారి ఎప్పుడు బాగుచేశారంటే జవాబు దొరకకపోవడం ఏమిటి?

2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సవరణ చట్టం వినియోగం ద్వారా ఏర్పడే వక్ఫ్ అన్న భావనను ఇకముందుకు తొలగించింది. అంతకు ముందే నమోదైనవి వక్ఫులుగానే కొనసాగుతాయని చెబుతూనే, వివాదంలో ఉన్నవాటిని, ప్రభుత్వ భూమిగా చెప్పబడేవాటిని ఆ రక్షణ నుంచి మినహాయించింది. అదే సంవత్సరం సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు కొన్ని నిబంధనలను నిలిపివేసింది గాని, ఈ తొలగింపును నిలపలేదు. ఈ చట్టం పట్ల మన అభ్యంతరాలు మనకు ఉన్నాయి, వాటిపై న్యాయపోరాటం సాగవలసిందే. కాని వక్ఫ్ వివరాలు ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించే పనికి చట్టం ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ మా చుట్టుపక్కల ముతవల్లీలకు సాయపడుతూ నేను చూసిందేమిటంటే, ఎక్కువ మంది ఇంట్లో ఉన్నది తాళాల గుత్తి, రసీదు పుస్తకం, కొంత జ్ఞాపకం. తాతల నాటి కరెంటు బిల్లులను, మేస్త్రీల చీటీలను ట్రంకుపెట్టెలో దాచిన ఒక్క కుటుంబం మాత్రం సగం ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పగలిగింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మరమ్మతు పుస్తకం హక్కు పత్రం కాదు. వక్ఫ్‌నామాకు, గెజిటుకు, రిజిస్ట్రేషనుకు అది బదులు కాదు. ఆ పుస్తకం ఉంది కాబట్టి ఏ కోర్టులోనైనా గెలుస్తామని నేను చెప్పను. అయితే ఫలానా కట్టడం ఫలానా సంవత్సరం నుంచి ఎడతెగకుండా మన నిర్వహణలో ఉందనీ, దాని గోడకు సున్నం, కప్పుకు మరమ్మతు మన చేతులతోనే జరిగిందనీ చెప్పడానికి వరుస తేదీలతో, ఓచర్లతో ఉన్న పుస్తకం, నోటి సాక్ష్యం కన్నా ఎన్నో రెట్లు నమ్మదగింది. వివాదం వచ్చాక రాసిన కాగితాన్ని ఎవరూ నమ్మరు. ఏ వివాదమూ లేని రోజుల్లో రాసినదానికే విలువ.

ఎలా రాయాలి?

సర్కారు కొలతల పుస్తకం నుంచి నేను నేర్చిన నియమాలు మనకూ పనికి వస్తాయి. గట్టి అట్ట ఉన్న, కుట్టు వేసిన పుస్తకం తీసుకోవాలి. విడి కాగితాలు వద్దు. పేజీలన్నింటికీ ముందే వరుస సంఖ్యలు వేసి, మొత్తం ఎన్ని పేజీలున్నాయో మొదటి పేజీలో రాసి సంతకం చేయాలి. సిరాతో రాయాలి. తప్పు పడితే దిద్దకూడదు, చెరపకూడదు. ఒక్క గీతతో కొట్టివేసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. ఏ పేజీనీ చింపకూడదు. చిరిగిన పేజీ ఉన్న పుస్తకాన్ని చూస్తే, నిజాయితీపరుణ్ణి కూడా లోకం అనుమానిస్తుంది.

మొదటి పేజీల్లో కట్టడం వివరాలు ఉండాలి. ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టించారు, ఏ గది ఎప్పుడు చేరింది, సర్వే నంబరు, హద్దులు, వక్ఫ్ నమోదు సంఖ్య, కరెంటు మీటరు సంఖ్య, నీటి గొట్టాలు ఏ గోడ వెంట పోతున్నాయి. తెలియని చోట తెలియదనే రాయాలి, ఊహించి రాయకూడదు. తర్వాతి పేజీల్లో ఒక్కొక్క నమోదుకు ఆరు విషయాలు చాలు: తేదీ, చోటు, కనిపించిన లోపం, చేసిన పని, వాడిన సామగ్రి, ఖర్చు ఓచరు సంఖ్య. చివర చూసినవారి పేరు, చేసినవారి పేరు, సంతకం.

తనిఖీ ఏడాదికి రెండు సార్లు తప్పనిసరి. మొదటిది తొలకరికి ముందు, మే నెలాఖరులో. మేడ ఎక్కి, వాన నీరు పోయే గొట్టాల్లో ఆకులు, కాకులు వేసిన చెత్త తీయించాలి. పిట్టగోడలు, మినార్ల మొదళ్లు చూడాలి. గోడల్లో మొలిచిన రావి మొక్కలను వేరుతో సహా తీయించాలి. రెండోది వానలు వెలిసిన తర్వాత. చెమ్మ ఎక్కడ దిగింది, పగుళ్లు ఎంత సాగాయి అన్నది అప్పుడే తెలుస్తుంది. కరెంటు వైరింగు, ఎర్తింగు, మైకు తీగలు ఏటా రంజాన్‌కు ముందు ఎలక్ట్రీషియనుకు చూపించాలి. ఆ నెలలో ఫ్యాన్లు, దీపాలు, కూలర్లు అన్నీ ఒకేసారి నడుస్తాయి. నీళ్ల ట్యాంకు కడిగిన తేదీ, మంటలార్పే సిలిండర్లు నింపించిన తేదీ కూడా ఆ పుస్తకంలోకే ఎక్కాలి. పెద్ద కట్టడాన్ని, పాత కట్టడాన్ని కొన్నేళ్లకొకసారి అర్హత గల స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించి, ఆయన నివేదికను పుస్తకానికి జతపరచాలి.

ముఖ్యమైన మరొక మాట. కమిటీ మారినప్పుడు తాళాలతో పాటు ఈ పుస్తకం కూడా చేతులు మారాలి. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ అందులోనే సంతకం చేయాలి. సర్కారు కార్యాలయంలో ఛార్జి అప్పగించకుండా ఏ గుమాస్తా కుర్చీ దిగడు. ఒక నకలు వేరే ఇంట భద్రపరచాలి. మన యువకులు ప్రతి పేజీనీ ఫోనులో ఫొటో తీసి దాస్తే ఇంకా మంచిది.

అభ్యంతరాలు

ఈ మాట ఎత్తినప్పుడు నాకు ఎదురైన అభ్యంతరాలు మూడు. మా ముతవల్లీ సాబ్ నమ్మకస్థుడు, ఆయనను లెక్కలు అడగడం అవమానం అన్నది మొదటిది. లెక్క రాసి ఉంటే నమ్మకస్థుడికే రక్షణ. ఆయన కన్నుమూసిన తర్వాత ఆయన మీద పడే నిందకు ఆయన తరఫున జవాబు చెప్పేది ఆ పుస్తకమే.

రెండోది, రాయడానికి మనిషెవరు అన్నది. ప్రతి మహల్లాలో నాలాంటి రిటైరైన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, డిగ్రీ చదివిన ఆడపిల్లలు ఉన్నారు. నెలకు ఒక గంట పని. మద్రసా వసతి గృహం తనిఖీలో తల్లులను చేర్చుకుంటే, మగవారి కంటికి ఆననివి చాలా బయటపడతాయి.

మూడోది బరువైనది. లోపాలను మన చేత్తో రాసిపెడితే, రేపు ఎవరైనా ఆ పుస్తకమే చూపి కట్టడం ప్రమాదకరమని మూయించరా? ఈ కాలంలో ఈ భయం నిరాధారమని నేను అనలేను. అయినా ఆలోచించండి. లోపం రాసి, దాని కింద మరమ్మతు తేదీ, ఓచరు సంఖ్య ఉంటే అది శ్రద్ధకు రుజువు. లోపం రాయనంత మాత్రాన పగులు పూడదు. రాయని కప్పు ఒక రోజు కూలి, దాని కింద ఎవరి బిడ్డయినా ఉంటే, అప్పుడు మనల్ని నిలదీయడానికి ఏ పుస్తకమూ అవసరం లేదు. కాబట్టి లోపం రాసిన చేయి మరమ్మతు అయ్యేదాకా ఊరుకోకూడదు. రాసి వదిలేసిన పుస్తకం నిజంగానే మనకు వ్యతిరేక సాక్ష్యం అవుతుంది.

మా మస్జిదులో ఇప్పుడు పుస్తకం ఉంది. రెండు వందల పేజీల్లో పంతొమ్మిది నిండాయి. మొదటి పేజీలో కప్పు వేసిన సంవత్సరం ఎదురుగా తెలియదు అని రాసి నేనే సంతకం చేశాను. వుజూఖానా కొత్త కప్పు తేదీ, మేస్త్రీ పేరు, ట్యాంకును దించి నేల మీద దిమ్మెపై పెట్టిన వైనం మూడో పేజీలో ఉన్నాయి. మే నెలలో, నవంబరులో తనిఖీ అయిన తర్వాతి జుమా రోజున, నమాజు అయ్యాక కార్యదర్శి ఆ పేజీని చదివి వినిపిస్తున్నారు. మొదట విసుక్కున్నవారే ఇప్పుడు ఫలానా మూల చెమ్మ కనిపిస్తోంది, రాశారా అని అడుగుతున్నారు.

ఈ వ్యాసం చదివిన కుటుంబాలకు నా మనవి. ఈ శుక్రవారం మీ మస్జిదు కార్యదర్శిని, మీ పిల్లలు చదివే మద్రసా నాజిమ్‌ను గౌరవంగా ఒక్క ప్రశ్న అడగండి: మన కట్టడానికి మరమ్మతు పుస్తకం ఉందా, భాయ్ సాబ్? ఉందంటే తెరిచి చూపమనండి. లేదంటే, ఒక పుస్తకం కొని చేతికిచ్చి, మొదటి తనిఖీకి మీరే వెంట నడవండి. ఇన్షాఅల్లాహ్, వచ్చే తొలకరికి ముందే మొదటి పేజీ నిండాలి.